మూడడుగుల మొక్కల ట్యాంకుకు ఎల్ఈడీ లైటు సొంతంగా చేసుకోవచ్చా?

అమలాపురం నుంచి అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంకులో మొక్కలు పెంచాలి. కంపెనీ లైటు కొనే స్తోమత లేదు. 12 వోల్టుల స్ట్రిప్ కొని ట్యాంకు మూత లోపల అతికిస్తే మూడు నెలలకే సగం వెలగడం మానేసింది. ఈసారి 1 వాట్ బీడ్లతో, అంటే గింజల్లాంటి విడి ఎల్ఈడీలతో, చేద్దామనుకుంటున్నారు. ఎన్ని వేయాలి, ఏ రంగువి వేయాలి, మొక్కలకు గులాబీ రంగు గ్రో లైటు తప్పనిసరా?

చేసుకోవచ్చండి. 1 వాట్ బీడ్లు 36 తీసుకోండి. వరసకు 12 చొప్పున మూడు వరసలు, వరసకో 300 మిల్లీ ఆంపియర్ల డ్రైవరు (ఇంటి కరెంటును బీడ్లకు తగ్గట్టు మార్చి ఇచ్చే పరికరం). గులాబీ లైటు అక్కర్లేదు. సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) సిలిండరు పెట్టకుండా పెంచే మొక్కలకు ఇది బాగా సరిపోతుంది.

అయితే ఒక మాట ముందే చెప్పాలి. మీ స్ట్రిప్ పోయింది అది తక్కువ రకం కావడం వల్ల కాకపోవచ్చు, మూత లోపల ఉండడం వల్లే అని నా అనుమానం. అదే మూతలో 36 బీడ్లు బిగిస్తే వాటి గతీ అంతే. అందుకని లెక్కలు తొందరగా ముగించి, తడి గురించి, వేడి గురించి వివరంగా రాస్తాను.

నేను భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద ఏరియేటర్ల ప్యానల్ బోర్డుల పని చేస్తాను. ఈ పనిలోకి వచ్చి పద్దెనిమిదేళ్లు. ఇంట్లో మొక్కల ట్యాంకులు పెట్టుకుని పన్నెండేళ్లవుతోంది. ఇప్పటికి నాకూ, తెలిసినవాళ్లకూ కలిపి ఇరవై దాకా లైట్లు చేశాను. చెరువు గట్టు మీద ఉప్పు గాలికి రాగి తీగ ఎలా తినేస్తుందో రోజూ చూసేవాణ్ణి కాబట్టి, ట్యాంకు మీద లైటు ఎందుకు పోతుందో నాకు త్వరగానే అర్థమైంది.

ముందు లెక్క. మీ ట్యాంకు 90, 45, 45 సెంటీమీటర్లు. నిండా పోస్తే 182 లీటర్లు. అడుగున ఇసుక, పైన ఖాళీ తీసేస్తే 150 లీటర్ల నీళ్లు ఉంటాయనుకోండి. మంచి రకం 1 వాట్ బీడు 300 మిల్లీ ఆంపియర్ల దగ్గర సుమారు 100 ల్యూమెన్లు (వెలుగును కొలిచే లెక్క) ఇస్తుంది. 36 బీడ్లంటే 3600. అంటే లీటరుకు 24 ల్యూమెన్లు. సీఓ2 లేని ట్యాంకుకు 20 నుంచి 25 చాలు. అనుబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకొరైన్, వల్లిస్నేరియా, మన కాలువల్లో దొరికే హైడ్రిల్లా అన్నీ ఈ వెలుగులో పెరుగుతాయి. లీటరుకు ఇన్ని ల్యూమెన్లు అన్నది మోటు లెక్కే, కానీ అడుగున్నర లోతు ట్యాంకుల్లో నన్ను ఎప్పుడూ మోసం చెయ్యలేదు.

"ఇంకో ఇరవై బీడ్లు వేస్తే మొక్కలు ఇంకా బాగా పెరుగుతాయి కదా" అని అందరూ అడుగుతారు. పెరగవండి. వెలుగు పెంచితే మొక్కకు సీఓ2, ఎరువు కూడా అదే లెక్కన పెరగాలి. అవి లేనప్పుడు మిగిలిన వెలుగంతా పాచి వాడుకుంటుంది. తణుకులో తెలిసిన మాస్టారు ఒకరు రెండడుగుల చిన్న ట్యాంకు మీద 60 వాట్లు పెట్టి, రోజుకు పది గంటలు వెలిగించేవారు. నెల తిరిగేసరికి మొక్కల మీద జుట్టులాగా ఆకుపచ్చ పాచి. మందులు పోశారు, నత్తలు వేశారు, చివరికి ట్యాంకు తీసేద్దామనుకున్నారు. నేను వెళ్లి చేసింది ఒక్కటే. సగం వైర్లు ఊడదీసి, టైమరు ఆరు గంటలకు తిప్పాను. చేతికందిన పాచి ఆయన లాగేస్తూ వచ్చారు, మూడు వారాల్లో ట్యాంకు తేరుకుంది. వరసకో డ్రైవరు, వరసకో స్విచ్ పెట్టమనేది ఇందుకే. మొదటి నెల రెండు వరసలే వెలిగించండి. మొక్కలు నిలదొక్కుకున్నాక మూడోది వేయండి.

రంగు సంగతి చిన్నదే. తెల్ల ఎల్ఈడీ నిజానికి నీలం ఎల్ఈడీయే. నీలం చిప్పు మీద పసుపు పూత పూస్తే తెలుపు కనిపిస్తుంది. ఆ నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్రం నోబెల్ వచ్చింది. కాబట్టి మొక్కకు కావలసిన నీలం తెల్ల బీడులోనే ఉంది, విడిగా వేయనక్కర్లేదు. కొంచెం తగ్గేది ఎరుపు. నేను వరసకు 6500కే (కే అంటే కెల్విన్, తెలుపు ఛాయను చెప్పే అంకె) కూల్ వైట్ ఎనిమిది, 3000కే వార్మ్ వైట్ మూడు, 660 నానోమీటర్ల ఎరుపు ఒకటి వేస్తాను. ఎరుపు వల్ల ఎర్ర ఆకులు, చేపల రంగులు కళకళలాడతాయి. గులాబీ గ్రో లైటు కింద కూడా మొక్క పెరుగుతుంది కానీ, సాయంత్రం పూట ఎదురుగా కూర్చుని చూసుకోవడానికి కదా ట్యాంకు పెట్టుకునేది. ఆ వెలుగులో చేప అసలు రంగే తెలియదు.

ఇక వేడి. ఎల్ఈడీ చల్లగా ఉంటుందనే మాట సగమే నిజం. ముందు వైపు చల్లన, వెనక వైపు వేడి. లాగిన కరెంటులో అరవై, డెబ్బై శాతం వేడిగానే మారుతుంది. మీ మూడు వరసలకీ కలిపి 34 వాట్లనుకుంటే ఇరవై పైచిలుకు వాట్లు వేడే. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఎంత కాలుతుందో మీకు తెలుసు. దాదాపు అంత వేడి ఎప్పటికప్పుడు అల్యూమినియంలోకి, అక్కడి నుంచి గాలిలోకి పోతూ ఉండాలి. పోకపోతే బీడు మొదట మసకబారుతుంది, తర్వాత ఆరిపోతుంది.

కిటికీలు, పార్టిషన్లు చేసే అల్యూమినియం షాపుకు వెళ్లి, అంగుళంన్నర వెడల్పు ఉన్న యూ ఛానల్ మూడడుగుల ముక్కలు మూడు కోయించుకోండి. మందం 2 ఎంఎం ఉండాలి. పెయింటు వేసినది వద్దు, ఆ పూత వేడిని ఆపుతుంది. వరసకో ఛానల్ అన్నమాట. మూడింటినీ నాలుగేసి అంగుళాల ఎడంలో ఉంచి, రెండు చివర్లా అడ్డపట్టీ వేసి బిగించండి. ఒకే వెడల్పాటి రేకు మీద మూడు వరసలూ పెట్టడం కంటే ఇదే మేలు. మధ్యలోంచి గాలి పైకి ఆడుతుంది, వెలుగు ట్యాంకు ముందు నుంచి వెనక దాకా సమంగా పడుతుంది. బీడుకూ బీడుకూ మధ్య మూడంగుళాలు.

బీడ్లు గుండ్రటి స్టార్ ప్లేట్ (చిన్న అల్యూమినియం బిళ్ల) మీద ఉన్నవే కొనండి. ప్లేట్ కింద థర్మల్ పేస్ట్ (వేడిని ఛానల్‌కు దాటించే ముద్ద) పల్చగా, దోసె మీద నెయ్యి రాసినట్టు రాయాలి. మందంగా పూస్తే అదే వేడికి అడ్డుపడుతుంది. ప్లేటును రెండు 3 ఎంఎం స్క్రూలతో బిగించి, స్క్రూ తల కింద ప్లాస్టిక్ వాషర్ వేయండి. థర్మల్ జిగురుతో అతికించేవాళ్లున్నారు, పని త్వరగా అవుతుంది. కానీ రేపు ఒక బీడు పోతే ఊడదీయడం నరకం. అన్నీ బిగించాక మల్టీమీటరు ఒక కొస అల్యూమినియానికి, రెండో కొస ప్రతి టంకానికీ పెట్టి చూడండి. ఎక్కడా బీప్ రాకూడదు. వస్తే అక్కడ స్క్రూయో, టంకమో రేకుకు తగులుతోందని అర్థం.

గంటసేపు వెలిగించి ఛానల్ వెనక చెయ్యి ఆనించండి. అయిదు సెకన్లు పట్టుకోగలిగితే బాగున్నట్టే. చెయ్యి లాగేసుకుంటే అల్యూమినియం చాలలేదు. కంప్యూటర్ ఫ్యాను పెడతామంటారు కొందరు, నేను పెట్టను. ట్యాంకు మీది చెమ్మకు ఆ చిన్న ఫ్యాను ఎక్కువ కాలం ఆడదు. ఫ్యాను ఆగిన రోజు ఎవరూ గమనించరు, బీడ్లే పోతాయి.

డ్రైవరు కొనేటప్పుడు ఒక్క విషయంలో అస్సలు రాజీ పడకండి. "8-12×1 వాట్, 300 మిల్లీ ఆంపియర్లు" అని రాసి ఉన్న డ్రైవర్లు రెండు రకాలు వస్తాయి. ఒకటి ఐసొలేటెడ్, రెండోది నాన్ ఐసొలేటెడ్. రెండో రకంలో ఇంటి 230 వోల్టుల కరెంటుకూ, బీడ్ల వైరుకూ మధ్య తెగతెంపు ఉండదు. వెలుగు బాగానే వస్తుంది, కానీ బీడు కాలు ముట్టుకుంటే కరెంటు స్తంభం తీగ ముట్టుకున్నట్టే. బల్బు లోపల మూసి ఉన్నప్పుడు అది పర్వాలేదు. నీళ్లలో చేతులు పెట్టే చోట మనిషి ప్రాణం మీదికి వస్తుంది. షాపులో అడిగితే "అన్నీ ఒకటేనండి" అంటారు. మీరే చూసుకోండి. డ్రైవరు ప్లగ్గులో పెట్టకుండా, మల్టీమీటరు డయోడ్ మోడ్‌లో పెట్టి, ఇన్‌పుట్ వైర్లకూ అవుట్‌పుట్ వైర్లకూ మధ్య అన్ని రకాలుగా, కొసలు తారుమారు చేసి కూడా కొలవండి. ఏ జతకైనా 0.5 లాంటి అంకె వచ్చి నిలబడితే అది నాన్ ఐసొలేటెడ్, వాపసు ఇచ్చేయండి. ఎటు పెట్టినా ఏమీ చూపించనిదే ఐసొలేటెడ్.

తెల్ల బీడు ఒక్కోటి సుమారు 3.2 వోల్టులు, ఎరుపు 2.2 తీసుకుంటాయి. పదకొండు తెలుపు, ఒక ఎరుపు వరసగా కలిపితే 37 వోల్టుల పైన. ఆ డ్రైవరు పరిధిలోనే ఉంటుంది. ముందు బీడ్ల వైర్లు కలిపి ఆ తర్వాతే ప్లగ్గు పెట్టండి. డ్రైవరు ఆన్‌లో ఉండగా బీడ్ల వైరు తగిలిస్తే, లోపల కెపాసిటరులో నిండి ఉన్న వోల్టేజీ ఒక్కసారిగా వచ్చి బీడ్లు మాడిపోతాయి. నా మొదటి లైటులో పన్నెండు బీడ్లు అలాగే పోయాయి.

ఇప్పుడు తడి. మన దగ్గర వానలు మొదలైన దగ్గర్నుంచి కార్తీకం దాకా గోడలే చెమ్మగిల్లుతాయి. అలాంటిది మూసిన మూతలో, నీటికి నాలుగంగుళాల పైన లైటు ఉంటే ఏమవుతుందో ఆలోచించండి. వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కి బయటికి పోతుంది. రాత్రి ఆరిపోగానే చల్లబడి, నీటి మీది ఆవిరిని లోపలికి పీలుస్తుంది. అది అల్యూమినియం మీద, టంకాల మీద మంచులాగా పడుతుంది. రోజూ ఇదే. చెరువు గట్టు మీద ప్యానల్ బోర్డులకూ ఇదే జబ్బు. అందుకే బోర్డు అడుగున చిన్న రంధ్రం వదులుతాం, పట్టిన నీరు కారిపోవడానికి, గాలి ఆడడానికి. పూర్తిగా సీలన్నా చేయాలి, లేదా గాలాడేలా తెరిచైనా పెట్టాలి. సగం మూసినదే అన్నిటికంటే చెడ్డది. ఇంట్లో పూర్తి సీలు చేయడం మనవల్ల అయ్యే పని కాదు. తెరిచి పెట్టేయండి.

అంటే లైటును మూతలోంచి తీసేసి, ట్యాంకు అంచు నుంచి ఆరంగుళాల ఎత్తులో కాళ్ల మీద నిలబెట్టండి. చేపలు ఎగిరినప్పుడు పడే తుంపర ఆపడానికి బీడ్ల కింద అంగుళం దూరంలో పారదర్శకమైన 3 ఎంఎం యాక్రిలిక్ షీటు చాలు. నేమ్ బోర్డులు చేసే షాపులో కొలతకు కోసిస్తారు. పక్కలు మాత్రం మూయకండి. టంకాలు వేశాక అక్కడి ఫ్లక్సు జిగటను స్పిరిట్‌తో తుడిచి, పీసీబీ లక్కర్ (టంకాలకు తడి తగలకుండా కాపాడే వార్నిష్) కొట్టండి. బీడు మీద పడకుండా చిన్న టేపు ముక్క అంటించుకోండి. వైరు అతుకులకు హీట్ ష్రింక్ స్లీవ్ వేయండి, ఇన్సులేషన్ టేపు వద్దు. ఈ చెమ్మకు దాని జిగురు కారి ఊడిపోతుంది.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు ఒకటుంది, నేనూ చేశాను. ట్యాంకు అద్దాలు అతికించే సిలికాన్ ఇంట్లో ఎలాగూ ఉంటుంది కదా అని టంకాల మీద దాన్నే పూస్తాం. ఆ సిలికాన్ టంకాల మీద పూయకూడదు. ఆరేటప్పుడు దాని నుంచి వెనిగర్ వాసన వస్తుంది చూడండి, అది ఎసిటిక్ ఆమ్లం. అద్దానికి మంచిదే, రాగికి మాత్రం విషం. నరసాపురంలో మా బావమరిదికి చేసిన లైటుకు అలాగే నిండా పూసి, ఇక చుక్క నీరు దూరదని ధీమాగా ఇచ్చాను. ఆరు నెలలకు ఒక వరస ఆరిపోయింది. సిలికాన్ చీల్చి చూస్తే వైరు ఆకుపచ్చగా పొడిపొడిగా ఉంది. నీరు చేరలేదు, నేను పూసిందే తినేసింది. పైగా ఆ ఆకుపచ్చ పొడి నీళ్లలో రాలితే చేపలు తట్టుకోవచ్చు గానీ, చిన్న రొయ్యలు, నత్తలు రాగిని తట్టుకోలేవు. సిలికాన్ పూయాల్సి వస్తే వాసన రాని న్యూట్రల్ క్యూర్ రకం అడిగి తీసుకోండి.

డ్రైవర్లు లైటు మీద పెట్టకండి. మూడింటినీ ఒక ప్లాస్టిక్ పెట్టెలో, ట్యాంకు పక్క గోడకు, నీటి మట్టం కంటే పైన బిగించండి. పెట్టెకు వైరు దూరే కన్నాలు తప్ప వేరే సందు ఉంచకండి, బల్లులు దూరతాయి. ప్లగ్గుకు వెళ్లే వైరు ఒకసారి సాకెట్ కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లేలా చూడండి. వైరు వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, సాకెట్‌లోకి వెళ్లదు. మూడు పిన్నుల ప్లగ్గు వాడి, అల్యూమినియానికి ఎర్త్ కలపండి. ఇంటి బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే, బీడ్లు కొనకముందే అది పెట్టించండి. ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఉంది కదా అనుకోకండి. అది వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. ఇన్ని చేసినా సరే, ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు తీసేయండి.

టైమరు డిజిటల్‌ది, లోపల బ్యాటరీ ఉన్నది కొనండి. చక్రం తిరిగే రకం చౌకే కానీ, కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది. తుఫాను రోజుల్లో రెండు పూటలు కరెంటు లేకపోతే, ఆ తర్వాత మీ లైటు అర్ధరాత్రి వెలుగుతుంది. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది దాకా ఆరు గంటలు పెట్టి మొదలుపెట్టండి. కరెంటు లేనప్పుడు లైటుకు ఇన్వర్టరు అక్కర్లేదు. ఒకటి రెండు రోజులు చీకటైనా మొక్కకు ఏమీ కాదు. ఆ బ్యాకప్ ఏదో గాలి పంపుకు ఇవ్వండి, చేపలకు కావలసింది అదే.

సోల్డరింగ్ అలవాటు లేకపోతే సులువైన దారి ఒకటుంది. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 30 వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్ లైటు, ఐపీ65 రకం, 6500కే. వానలో తడిసేందుకే చేసింది, వెనక అల్యూమినియం దానికే ఉంటుంది. ట్యాంకు మీద అడుగున్నర ఎత్తులో వేలాడదీస్తే మొక్కలు హాయిగా పెరుగుతాయి. మీది మూడడుగులు కాబట్టి 20 వాట్లవి రెండు పెడితే మూలలకు కూడా వెలుగు అందుతుంది. అందంగా ఉండదు, వెలుగు చుట్టూ గదిలోకి పోతుంది, అంతే. మొక్కలే లేకుండా చేపలు మాత్రమే ఉంటే ఇవేవీ వద్దు, మామూలు ఎల్ఈడీ ట్యూబ్ చాలు. ఖర్చు విషయానికొస్తే, పోయిన ఏడాది ఇదే కొలత లైటు చేస్తే టైమరుతో కలిపి నాకు 3000 రూపాయల దగ్గర తేలింది. అందులో బీడ్లది చిన్న వాటా. అల్యూమినియం, మంచి డ్రైవర్లు, టైమరే ఎక్కువ.

మన ప్రాంతం సంగతులు మరికొన్ని. బోరు నీళ్లు వాడితే ట్యాంకు పైన అద్దం మూత పెట్టకపోవడమే మంచిది. ఉప్పు నీటి తుంపర ఆరి తెల్లటి పొర కట్టి వెలుగును మింగేస్తుంది. పెట్టక తప్పకపోతే వారానికోసారి తుడవండి. కాలువ నీళ్లు పోసేవాళ్లు వరద రోజుల్లో ఎర్ర నీరు నేరుగా పోయకండి. డ్రమ్ములో రెండు రోజులు తేరనిచ్చి పైనీరు వంచుకోండి, లేకపోతే ఎంత లైటు పెట్టినా అడుగుకు చేరదు. తొలకరి వానకు ఉసిళ్లు వచ్చే రాత్రి లైటు తొందరగా ఆర్పేయండి. నాలుగు పడితే చేపలకు పండగే, గుప్పెడు పడితే మాత్రం తెల్లారేసరికి నీళ్లు కంపు కొడతాయి. ఇక మే నెలలో నీళ్లు 32 డిగ్రీలు దాటితే నీటి మీదికి ఫ్యాను తిప్పమంటారు. తిప్పండి, కానీ మన తేమ గాలికి నీరు త్వరగా ఆవిరవదు కాబట్టి మరీ ఎక్కువ ఆశించకండి. ఆ నెలలో రెండు వరసలే వెలిగించండి.

మీ ట్యాంకు కిటికీకి ఎంత దూరంలో ఉందో రాయలేదు. ఉదయం గానీ సాయంత్రం గానీ నేరుగా ఎండ పడుతుందా? పడితే మొదటి నెల రెండు వరసలు కూడా ఎక్కువే కావచ్చు. అది చెప్పండి, ఏ మొక్కలు అనుకుంటున్నారో కూడా రాయండి, గంటలు ఎన్ని పెట్టాలో చూద్దాం.